చుక్కల ఓడ ఎంత పెద్దది?

పక్క సర్దుకున్నావా బుల్లీ? కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. మధ్యలో లేచి మంచినీళ్ళన్నావంటే కథ అక్కడితో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా. ఊఁ కొట్టు మరి.

అనగనగా ఒక ఊళ్ళో, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట, గంటయ్య అని ఓడలు కట్టే మేస్త్రి ఉండేవాడు. ఆయన భార్య లోవమ్మ. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు నూకరత్నం. ఆ పిల్ల చుక్కల్ని చూసి దారి చెప్పడంలో దిట్ట. నడిసముద్రంలో వదిలేసినా సరే, ఒక్కసారి తలెత్తి చూసి, మన ఊరు అదిగో అటు, అనేది.

ఆ దేశానికో రాజుండేవాడు. ఆయనకి పనేం లేదు. పని లేకపోతే ఏం తోస్తుంది, ఆకాశం మీద పడ్డాడు. చుక్కల దాకా వెళ్ళే ఓడ కట్టించాలి, పక్క దేశాల రాజులు చూసి కుళ్ళుకోవాలి, అన్నాడు. గంటయ్యని పిలిపించి ఓడ కట్టమన్నాడు. దాన్ని నడపడానికి నూకరత్నమే వెళ్ళాలన్నాడు.

పిల్ల సంబరం ఇంతా అంతా కాదు. తల్లి మాత్రం మొగుడి చెయ్యి పట్టుకుని, "ఏమయ్యా, వెళ్ళిన పిల్ల మళ్ళీ నా గుమ్మంలో నిలబడాలి. అదొక్కటి చూడు. మిగతాదంతా నీ ఇష్టం" అంది.

"నాకు మాత్రం కూతురు కాదేంటి?" అన్నాడు గంటయ్య.

అప్పుడు గంటయ్య కూర్చుని బాగా ఆలోచించాడు. ఓడ అడుగున తారాజువ్వల్లో కూరే మందు కూరి నిప్పు పెడితే పైకి లేస్తుంది. అది సరే. మరి తిరిగి రావాలిగా? అందుకని పక్క కొట్టులో ఇంకొంత మందు దాచాడు. ఇంటివైపు మళ్ళడానికి వెనకాల చుక్కాని బిగించాడు. నేల మీద మెల్లిగా దిగడానికి ఓడ నెత్తిన ఒక పేద్ద గుడ్డ గొడుగు మడిచి పెట్టాడు. ఓడ మన వంటింటంతే ఉండేది. అయినా చక్కటి ఓడ.

ఆ తర్వాత రాజుగారు ఓడని చూసి బాగోగులు చెప్పమని పండితుల్ని పంపించాడు. మొదట వచ్చినాయన పొడుగు చూసే పండితుడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తాడు పట్టుకుని నడిచి, పెదవి విరిచాడు. "ఇంతేనా? రాజుగారి ఏనుగు పడుకుంటే ఇంతకంటే పొడుగుంటుంది" అన్నాడు.

గంటయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఓడని సాగదీసి కట్టాడు. పొడుగు పెరిగితే బరువు పెరగదూ? లేవడానికి మందు చాల్లేదు. అప్పుడు తిరిగి రావడానికి దాచిన మందు తీసి, అడుగున కూరేశాడు. కొట్టు ఖాళీ అయిపోయింది. తర్వాత చూద్దాంలే, అనుకున్నాడు.

ఏంటలా కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తావు? పడుకునే విను.

అప్పుడు రెండో ఆయన వచ్చాడు. ఈయన అందం చూసే పండితుడు. చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి, ముక్కు చీదినట్టు మొహం పెట్టాడు. "వెనకవైపు బోసిగా ఉందయ్యా. ఇక్కడ పురి విప్పిన నెమలి ఉండాలి. రాజుగారికి నెమలంటే ప్రాణం" అన్నాడు. అక్కడేమో చుక్కాని ఉంది.

గంటయ్య చుక్కాని ఊడదీసి నెమలిని బిగించాడు. ఆ నెమలి అందం చెప్పలేను, ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా చెక్కాడు. నూకరత్నం దాన్ని తడిమి చూసి మురిసిపోయింది. ఆ తర్వాత, "నాన్నా, మరి నేను ఓడ తిప్పేదెలా?" అని అడిగింది. "లోపల ఇంకోటి పెడతాలే అమ్మా" అన్నాడు. పెట్టలేదు. కన్నతండ్రి చెప్పాడు కదా అని ఆ పిల్ల మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత మూడో ఆయన దిగాడు. ఈయన ఎత్తు చూసే పండితుడు. మెడ వెనక్కి వంచి చూసి, "కోట కిటికీలోంచి చూస్తే రాజుగారికి కనపడదు. పైన శిఖరం లేపండి" అన్నాడు. శిఖరం నిలబెట్టాలంటే గొడుగు ఉన్న చోటే నిలబెట్టాలి. గొడుగు తీసేశారు. ఆ గుడ్డంతా ఏం చేశారనుకున్నావు? ఓడ కదిలే ముహూర్తం రోజు వంటలకి పందిరి వేసుకున్నారు. దాని నీడలో నుంచుని లోవమ్మే పప్పు వండింది. అదేం గుడ్డో ఆవిడకి తెలీదు పాపం. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఓడ కొండంతయింది. పక్క ఊళ్ళ జనం బళ్ళు కట్టుకుని చూడ్డానికొచ్చారు. ఎంత పెద్దదో అని ఒకటే వాదులాట. తాడిచెట్ల కంటే పొడుగని ఒకళ్ళు, కోట గోడ కంటే ఎత్తని ఒకళ్ళు. లోవమ్మ కూడా "మా ఆయనే కట్టాడు" అని మురిసిపోయింది. ఆవిడ ఆ మొదటి రోజు చెప్పిన మాట ఆవిడే మర్చిపోయింది. గంటయ్య మాత్రం ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. పని ఎక్కువై అలిసిపోయాడని అందరూ అనుకున్నారు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్త ఓడ కదిలే ముందు, కట్టించినవాళ్ళూ, కట్టినవాళ్ళూ, ఎక్కేవాళ్ళూ, ఊరివాళ్ళూ అందరూ అందులోనే బంతి కూర్చుని భోంచెయ్యాలి. కట్టించినాయన మొదటి విస్తరి దగ్గర కూర్చోవాలి. రాజైనా సరే, తప్పదు.

రాజుగారు వచ్చి మొదటి విస్తరి ముందు కూర్చున్నాడు. ఆయన పక్కన పండితులు ముగ్గురూ. ఎదురుగా నూకరత్నం, ఆ పక్కన గంటయ్య. ఊరంతా కూర్చున్నా ఇంకా చోటు మిగిలిపోయింది. లోవమ్మ వడ్డిస్తోంది. సముద్రం గాలికి విస్తళ్ళు ఎగిరిపోతున్నాయని ఎవరో తలుపు మూశారు.

తలుపు మూయగానే లోపలంతా చీకటైంది. దీపాలు పెట్టారు. రాజుగారు ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. చుట్టూ చూశాడు, పైకి చూశాడు. "మేస్త్రీ, ఒకవేళ ఇది ఇప్పుడే లేచిందనుకో. మనం దిగేదెలా?" అని అడిగాడు.

గంటయ్య పప్పు కలుపుతూనే ఉన్నాడు.

"నిన్నే. దిగేదెలా?"

గంటయ్య పండితుల వైపు చూశాడు. వాళ్ళు విస్తళ్ళలోకి చూసుకున్నారు. పొడుగు చూసినాయనకి పొడుగే తెలుసు, అందం చూసినాయనకి అందమే తెలుసు, మూడో ఆయనకి ఎత్తే తెలుసు. దిగే సంగతి ఎవరూ చూడలేదు.

రాజుగారు మూడోసారి అరిచినట్టు అడిగాడు. అప్పుడు గంటయ్య తల వంచుకుని, "దిగదు మారాజా. తారాజువ్వ పైకి పోవడమే కానీ వెనక్కొస్తుందా? ఇదీ అంతే" అన్నాడు.

ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి. నూకరత్నం నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయింది. లోవమ్మ చేతిలో గరిట జారి కింద పడింది.

"నీకు తెలుసా?" అంది లోవమ్మ.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నెమలిని చెక్కినప్పట్నుంచి."

ఇంక ఏం అడుగుతుంది చెప్పు.

రాజుగారు మాత్రం ఒక్క ఉదుటున లేచి, తలుపు తీయించుకుని, ఎంగిలి చేత్తోనే బయటికి పరుగెత్తాడు. పండితులు ఆయన వెనకాల. అన్నాళ్ళూ ఆ పిల్ల వెళ్తుందన్నప్పుడు దిగేదెలా అని అడగని మనిషి, తను కూర్చోగానే అడిగాడు, చూశావా?

అది కాదే, అసలు సంగతి విను. ఇసకలో నిలబడి ఊపిరి తీసుకున్నాక ఆ రాజు ఏమన్నాడో తెలుసా? "పోనీలెండి. ఇంత పెద్ద ఓడ కట్టి ఎగరెయ్యకపోతే పరువు పోతుంది. అందరూ దిగిపోండి. ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది. నిప్పు పెట్టండి" అన్నాడు.

అన్నాడే. నోరెలా వచ్చిందో మరి.

లోపల ఒక్కళ్ళు కూడా లేవలేదు. అప్పుడు లోవమ్మ వెళ్ళి కూతురి పక్కన చతికిలబడి, ఆ పిల్ల చేతిలో ముద్ద తీసుకుని నోట్లో పెట్టింది. "తినమ్మా" అంది. పక్కవాళ్ళు కూడా పప్పు కలుపుకున్నారు. ఊరంతా మాట్లాడకుండా అన్నం తింటూ కూర్చుంది. బయట కాగడా పట్టుకున్న భటుడు ఏం చెయ్యాలో తోచక, రాజు మొహం వైపూ ఓడ వైపూ చూస్తున్నాడు.

అప్పుడు గంటయ్య లేచాడు. మూలనున్న, చెక్కలు చెక్కే బాడిశ తీసుకుని బయటికి నడిచాడు. ఓడ కిందికి దూరి, తను కట్టిన అడుగుచెక్క మీద తనే వేటు వేశాడు. ఒకటి, రెండు, మూడో వేటుకి చెక్క చీలింది. మందంతా బుస్సుమని తడి ఇసకలోకి కారిపోయింది. ఓ పెద్ద అల వచ్చి దాన్ని తడిపేసింది.

"పెద్దది కట్టమన్నారు, కట్టాను మారాజా. ఎగరదు" అన్నాడు.

రాజు నానా తిట్లూ తిట్టాడు. గంటయ్యకి ఇక కోట పనులేవీ ఇవ్వొద్దన్నాడు. ఆ తర్వాత రాజుకి ఇంకేదో పిచ్చి పట్టి, ఓడ మాటే మర్చిపోయాడు. మన గంటయ్యతో మాత్రం ఇంట్లో లోవమ్మ మాట్లాడలేదు. అన్నం పెట్టేది, అంతే. తప్పా మరి? నేనైతే అదీ పెట్టకపోదును.

ఒకరోజు నూకరత్నమే తండ్రి దగ్గరికి వచ్చి కూర్చుంది. "నాన్నా, నాకు వెళ్ళాలనే ఉంది. చిన్నది కట్టు. ఈసారి నేను పక్కనే ఉండి చూస్తాను" అంది.

ఆ మాటకి ఆయన గుండె కరిగి నీరైపోయింది. ఆ పిల్ల ఇంకా నాన్నా అని పిలిచింది కదా. మొదట గొడుగు కుట్టాడు. ఆ తర్వాత చుక్కాని చేశాడు. ఆ తర్వాత తిరిగొచ్చే మందు కొట్టు కట్టాడు. ఇవన్నీ అయ్యాక వాటి చుట్టూ ఓడ కట్టాడు. ఎవరైనా వచ్చి ఎంత పెద్దదయ్యా అంటే, "నాకు తెలీదు" అని పని చేసుకునేవాడు.

నూకరత్నం వెళ్ళింది. రోజులు గడిచాయి, నెలలు గడిచాయి. గంటయ్య ఒడ్డు వదల్లేదు. తిండి అక్కడే, కూర్చోవడం అక్కడే, కంటి మీద కునుకు లేదు.

ఒక మిట్ట మధ్యాహ్నం ఆకాశంలో తెల్లగా చిన్న చుక్క కనబడింది. అది గొడుగైంది. గొడుగు కింద ఓడ. మెల్లిగా, మెల్లిగా వచ్చి ఒడ్డున దిగింది. తలుపు తీసుకుని నూకరత్నం బయటికొచ్చింది. లోవమ్మ పరుగెత్తుకెళ్ళి కూతుర్ని గట్టిగా వాటేసుకుంది. గంటయ్య మాత్రం దగ్గరికి వెళ్ళలేక దూరంగా నిలబడిపోయాడు.

ఆ పిల్లే ఆయన దగ్గరికి వెళ్ళి, "చాలా మెత్తగా దిగింది నాన్నా" అంది.

గంటయ్య ఉన్నచోటే ఇసకలో కూలబడి, ఒరిగి, పసిపిల్లాడిలా నిద్రపోయాడు. ఎండ మాడ్చేస్తోంది. లోవమ్మ వెళ్ళి పక్కన కూర్చుని, ఆయన మొహం మీద ఎండ పడకుండా పమిట చెంగు అడ్డం పట్టింది. ఆయన లేచేదాకా పట్టుకునే ఉంది.

కథేమో కంచికి,
ఓడేమో ఒడ్డుకి,
అమ్మడేమో నిద్దరకి,
అమ్మమ్మేమో పక్కకి.