రాజు చెవి కింద చుక్క

ఓబులేసు అడిగిన ప్రశ్న చిన్నదే. "అయ్యవారూ, నాణేనికి విలువ దేన్ని బట్టి కడతారు?"

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వెనక సందులో కాపురముండే హజరత్తయ్య గారు ఒకప్పుడు బడిలో డ్రాయింగు మాస్టరు. నలభై ఏళ్లుగా పాత నాణేలు సేకరిస్తున్నారు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఓబులేసు తెచ్చిన, తెల్లదొరల కాలం నాటి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయిని అంచుల మీద పట్టుకుని, కిటికీ వెలుతురులో చాలాసేపు తిప్పి చూశారు. "దీన్ని ఒక నాలుగు రోజులు నా దగ్గర ఉండనీ" అన్నారు.

ఎందుకో చెప్పలేదు. ఓబులేసు నాణేన్ని తిరిగి జేబులో వేసుకుని, "రేపు తెచ్చిస్తాలే అయ్యవారూ" అని లేచాడు.

ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. ఎవరి ముఖం చూసినా టికెట్టు లేని ముఖంలాగే కనిపించేది. ఈమధ్యే రిటైరై, తల్లి పెట్టెలో ఈ రూపాయి దొరికాక నాణేల పిచ్చిలో పడ్డాడు. ఆ తల్లి దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, కొడుకును కూడా ముట్టుకోనివ్వకుండా దాచింది. పోయేముందు "ఇది పాపకే" అని చెప్పింది. పాప అంటే ఓబులేసు కూతురు నాగసుధ, భోపాల్‌లో నర్సింగు చదువుతోంది. రోజూ సాయంత్రం ఫోన్లో ఓబులేసు మొదటి మాట, "గది గొళ్లెం గట్టిగా ఉందా?" ఈసారి సెలవులకు వస్తే నాయనమ్మ రూపాయి ఆమె చేతిలో పెట్టాలి. అయితే అది నాయనమ్మ రూపాయే కావాలి. అయ్యవారి చెక్కపెట్టెలో అదే రాజు బొమ్మతో డజను రూపాయలున్నాయి. ఒకటి తీసి ఇంకొకటి పెడితే కనిపెట్టేదెవరు?

ఓబులేసు ఇంట్లో చెంచా మొదలు బిందె దాకా ప్రతి స్టీలు సామాను మీద అతని పేరు చెక్కించి ఉంటుంది. ఆ శనివారం సాయంత్రం అతను దబ్బనం, చిన్న సుత్తి పట్టుకుని వసారాలో కూర్చున్నాడు.

"ఏం చేస్తాండావు?" అంది భార్య సుంకులమ్మ.

"గుర్తు పెడతాండా."

"నాకూ ఒక చుక్క పెట్టుకోరాదా? ఎవురన్నా మార్చుకుంటే తెలియాల గదా!"

అతను నవ్వలేదు. రాజు చెవి కింద, నువ్వుగింజలో సగమంత చుక్క పెట్టాడు.

మర్నాడు ఆదివారం నాణెం ఇచ్చి వచ్చాడు గాని, మనసు అక్కడే ఉండిపోయింది. సోమవారం సందులోంచి నడిచి వెళ్తూ చూస్తే అయ్యవారు కిటికీ దగ్గర నాణెం మీదికి వంగి కనిపించారు. బుధవారం వెళ్తే కిటికీ మూసి ఉంది.

బేస్తవారం పొద్దున్నే వెళ్లాడు. కూర్చోక ముందే నాణెం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, చెవి కింద వెతికాడు. చుక్క ఉంది.

"నాదే!" అనేశాడు పైకే.

"నీదే. ఇంకెవురిదనుకున్నావు?" అన్నారు హజరత్తయ్య గారు. "సందులో రెండుసార్లు తిరిగినావంట. లోపలికొస్తే టీ ఇద్దును గదా."

ఆయన తన పెట్టెలోంచి ఒక అరిగిన రూపాయి తీసి పక్కన పెట్టారు. "ఇదీ ఆ ఏటిదే. అదే బరువు. వెండి ధరకు మించి రాదు. వందల చేతులు మారింది, ఒక్కో చెయ్యీ దీంట్లో కాస్త కాస్త తీసుకుంది. రాజుకు జుట్టు కూడా మిగల్లేదు. మీయమ్మ దాచిందాంట్లో ఏ చెయ్యీ ఏమీ తీసుకోలేదు. శనివారం కిటికీ దగ్గర చూసినప్పుడు, ఇంత చెక్కుచెదరని రూపాయి ఈ నలభై ఏండ్లలో చూడలేదనుకున్నా."

శనివారం అన్న మాట ఓబులేసు చెవిలో ఉండిపోయింది.

అప్పుడాయన చుట్టి పెట్టిన కాగితం ఒకటి విప్పారు. పళ్లెమంత పెద్దగా, పెన్సిలుతో గీసిన రూపాయి. గడ్డంలో ఒక్కో వెంట్రుకా, కిరీటంలో ఒక్కో ముత్యమూ ఉన్నాయి. చెవి కింద, కందిగింజంత నల్లటి చుక్క కూడా ఉంది.

"బొమ్మ గీస్తే గాని నాకు నాణెం అర్థం కాదు. నాలుగు రోజులు అందుకే అడిగింది. పాపకు రూపాయితో పాటు ఇదీ ఇయ్యి. ఉన్నది ఉన్నట్టు గీసినా."

ఓబులేసు కాగితం మీది చుక్కను బొటనవేలితో మూశాడు.

"పాప ఈ చుక్క ఏందని అడుగుతుంది అయ్యవారూ... చింతపండు పెట్టి రుద్దితే పోదా?"

హజరత్తయ్య గారు రూపాయిని పట్టుగుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టారు.

"రుద్దితే చుక్క పోదు నాయనా. ముఖం పోతుంది."