ఏనుగు లేని తొట్టి

దివాన్ ఏనుగు చచ్చి ఏడాదైంది. అయినా పరువు పోతుందని దాని తొట్టిని నిండుగానే ఉంచాడు. ఆ నీళ్లలో పుట్టిన దోమలు కుట్టి ఊళ్లో ఇంటికొకరు జ్వరంతో పోయారు. శవాల ముందు పట్టే కుండలు చేసే సూరమ్మ, కన్నకూతురికీ ఒకటి చేసింది.

తొట్టి ఖాళీ చేయించమని ఊరివాళ్లు అడిగితే, "జ్వరాలు మీ పాపాల వల్ల వచ్చాయి. దోమలేం చేస్తాయి?" అన్నాడు దివాన్.

సూరమ్మ ఆ నీళ్లే ఒక శవం కుండతో ముంచి, దాని మూతికి గుడ్డతో వాసెన కట్టింది. పదో రోజున, లోపల దోమలు రొద పెడుతుంటే, కుండ తెచ్చి దివాన్ ముందు పెట్టింది.

"మీరు ఏ పాపమూ ఎరగరు కదా, దొరా. మీ దోమతెరలో దీని గుడ్డ విప్పండి."

దివాన్ కుండకు దూరంగా జరిగాడు. చివరికి తొట్టి తోడెయ్యమన్నాడు. ఊరంతా బిందెలతో కదిలింది.

"ఈ కుండ తీసుకుపో," అన్నాడు దివాన్.

"ఉంచండి దొరా. తొట్టి మళ్లీ నింపితే, ఈ ఇంటికీ ఒకటి కావాలి."