కొమరవ్వ వాన అంగీలు

అనగా అనగా, ఏడాదిలో సగం రోజులు మబ్బుల్లోనే మునిగి ఉండే మంచుకోన అనే రాజ్యం. దాన్ని వీరకేతు మహారాజు ఏలుతుండేవాడు. కొండ దారులను కాపలా కాసే భటులకు వానా చలీ తగలని అంగీలు కావాలి. కానీ అంతకుముందు ఆ అంగీలు కుట్టినవాళ్ళు రంగునీళ్ళు వదిలి ఏటిని పాడుచేశారు. చేపలు చచ్చి తేలాయి.

అందుకని రాజు తన కూతురు హేమలేఖను పిలిచాడు. "అమ్మా, ఈసారి కొండకూ ఏటికీ కీడు చేయనివాళ్ళ దగ్గరే కొందాం. ఎవరో నువ్వే తేల్చు," అన్నాడు.

హేమలేఖకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మే అలవాటు లేదు. సరేనంది.

అంగీలు చేసి అమ్మేవాళ్ళు ముగ్గురు కొలువుకు వచ్చారు.

"మావి పూర్తిగా ఆకునార అంగీలు. అడవికి రవ్వంత హాని ఉండదు," అన్నాడు సోమదత్తుడు.

"నేను అంగీకొక మొక్క నాటుతాను. నా వల్ల అడవి పెరుగుతుంది," అన్నాడు మణిగుప్తుడు.

మూడో మనిషి కొమరవ్వ, ఉన్ని నేతశాల నడిపే ముసలామె. "ఉన్ని కడిగితే మురికి, రంగు వేస్తే మురికి. ఎంత వడగట్టినా కొంత ఏట్లో కలుస్తుంది. అది మాత్రం నిజం," అంది.

సభ గొల్లుమంది. హేమలేఖ నవ్వలేదు. అమ్ముకోవడానికి వచ్చి తన తప్పు తానే చెప్పుకుంటుందా? ఇంతకన్నా పెద్దదేదో దాస్తోంది! ముగ్గురిలోనూ ఆమె మీదే అనుమానం గట్టిపడింది.

ముగ్గురి పనిశాలలూ చూడడానికి చెప్పాపెట్టకుండా బయలుదేరింది.

సోమదత్తుడి పనిశాల ముందు ఆకుల కుప్ప కొండలా ఉంది. దగ్గరికి వెళితే దాని నిండా సాలెగూళ్ళు. ఎన్నాళ్ళుగా ఎవరూ ముట్టలేదో! "పనిశాల వెనక వైపు చూద్దాం," అందామె.

"అక్కడ బురద, యువరాణీ! పాదాలు పాడవుతాయి," అంటూ అడ్డొచ్చాడు సోమదత్తుడు.

ఆమె ఆగలేదు. వెనక కాగుల్లో నల్లటి జిగురు కుతకుతలాడుతోంది, అంగీలన్నీ అందులోనే ముంచి తీస్తున్నారు. పక్కనే కాలువ నిండా నురగ.

మణిగుప్తుడి తోటలో మొక్కలు బారులు తీరి కళకళలాడుతున్నాయి. హేమలేఖ ఒకదాన్ని పట్టి లాగింది. వేరు లేదు. ఇంకొకటి లాగింది. దానికీ లేదు. ఎక్కడివో కొమ్మలు విరిచి మట్టిలో గుచ్చారు!

ఇక కొమరవ్వ. ఆమె గుట్టు రట్టు చేయాలనే పట్టుదలతో వెళ్ళింది హేమలేఖ. నేతశాల తలుపులు తీసే ఉన్నాయి. లోపల గుట్టగా పాత అంగీలు.

"పాతవాటిని కొత్తవని అమ్ముతున్నావా అవ్వా?"

"కాదు తల్లీ. కొన్నవాళ్ళే చిరిగితే తెస్తారు, మాసికలు వేసిస్తాం. ఒక పాతది బాగుచేస్తే, ఒక కొత్తది నేసే పని తప్పుతుంది. ఆ మేరకు మురికి తగ్గుతుంది."

"మరి నీళ్ళు?"

కొమరవ్వే ముందు నడిచింది. మురికినీరు గుంటల్లో నిలిచి, ఇసుకలోంచి మెల్లగా వడిసి ఏట్లో కలుస్తోంది. కలిసేచోట లేత ఎరుపు.

"చూశావుగా, రంగు పూర్తిగా పోలేదు. చిన్న చేపలు తిరిగొచ్చాయి. పెద్దవి ఇంకా రాలేదు," అంది కొమరవ్వ.

హేమలేఖ అప్పటికీ నమ్మలేదు. ఏటి వెంట ఒంటరిగా చాలా దూరం నడిచింది. రాళ్ళెత్తి చూసింది, పల్లెవాళ్ళను అడిగింది. కొమరవ్వ చెప్పినదానికన్నా ఎక్కువ చెడు ఎక్కడా కనబడలేదు. ఎవరి మీద ఎక్కువ అనుమానపడిందో ఆమె ఒక్కతే నిజం చెప్పిందని తెలిసి, యువరాణికి సిగ్గేసింది.

కొలువులో రాజు అడిగాడు. "అయితే కొమరవ్వ వల్ల ఏ కీడూ లేదా?"

"ఉంది నాన్నగారూ. కానీ ఆమె దాన్ని దాచదు. దాచనిదాన్నే తగ్గించగలం. ముందు కోటలోని పాత అంగీలు ఆమె చేత బాగుచేయిద్దాం. చాలకపోతేనే కొత్తవి నేయిద్దాం."

రాజు ఒప్పుకున్నాడు. మిగతా ఇద్దరి పనిశాలలూ మూతపడ్డాయి.

"ప్రతి వానాకాలం వచ్చి ఏరు చూస్తాను అవ్వా," అంది హేమలేఖ.

"రా తల్లీ. ఇలాగే, చెప్పకుండా రా," అంది కొమరవ్వ.

నీతి: ఏ కీడూ చేయనని గొప్పలు పోయేవాడికన్నా, చేస్తున్న కీడును ఒప్పుకుని తగ్గించుకునేవాడే నమ్మదగినవాడు.