జంబులయ్య పూయించిన ఆర్కిడ్

నల్లకొండ అడవిలో సింహందొర కచేరీ ఒక గుహలో నడిచేది. నడివేసవిలో కూడా లోపల చల్లగా ఉండేది, పట్టపగలు కూడా మసకచీకటే. నీరెండ పడే చోటు ఒక్కటే, గుహ గుమ్మం పక్కన. ఆ చోటు పెద్దగుమాస్తా నక్క జంబులయ్యది. వీపుకి ఎండ కాచుకుంటూ పని చేస్తున్నట్టు కనిపించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

ఒక చలికాలం తూర్పుకొండ ఏనుగుదొర సింహానికి ఆర్కిడ్ మొక్క కానుక పంపాడు. చెట్టుకొమ్మను కరుచుకుని, వేళ్లు గాలిలో వేలాడేసుకుని బతికే మొక్క అది. చలి తగ్గేలోపు తానే వచ్చి పువ్వు చూస్తానని కబురు కూడా పెట్టాడు. సింహందొర ఆ కొమ్మను తన ఆసనం పక్కన పెట్టించి, భారమంతా జంబులయ్య మీద వేశాడు. పువ్వు పూయకపోతే గుమ్మం పక్క చోటు ఇంకొకరికి ఇస్తానని తేల్చి చెప్పాడు.

దొరగారి మొక్క అనేసరికి అందరికీ భక్తి పుట్టుకొచ్చింది. అర్జీతో వచ్చిన ప్రతి జంతువూ దొర చూస్తుండగా దానికి చిప్పెడు నీళ్లు పోసేది. కుందేలు పోసింది, అడవిపంది పోసింది, ఏ అర్జీ లేని ఉడుత కూడా ఎందుకైనా మంచిదని పోసింది. చీకటికి చెమ్మ తోడై ఆకులు పసుపెక్కాయి.

బంట్రోతు గవరయ్య అడవిదున్న. నెమ్మదస్తుడు. చూసి చూసి ఒకనాడు నోరు విప్పాడు.

"అయ్యా, చెట్టు మీద ఉన్నప్పుడు దీనికి ఆకుల సందుల్లోంచి వెలుతురు వచ్చేది. నీళ్లు మాన్పించి, మీ చోట్లో పెడితే బతుకుతుంది."

"మరి నేనెక్కడ కూర్చోవాలిరా?"

"లోపల, మొక్క ఉన్న చోట."

"తాను దూర కంత లేదు, మెడకో డోలట. పోయి నీ పని చూసుకో."

ఇంకా నాలుగు తిట్టాడు. గవరయ్యకు అది దున్నపోతు మీద వాన కురిసినట్టే, తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఏనుగుదొర రాక దగ్గరపడింది. జంబులయ్యకు తిండి సయించలేదు. అడవంతా గాలించగా, గాలికి విరిగిపడిన కొమ్మ మీద అలాంటి ఆర్కిడ్ పువ్వే దొరికింది. తుమ్మజిగురుతో దాన్ని కచేరీ మొక్కకు అతికించాడు. ఆ మసకచీకట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

ఏనుగుదొర వచ్చి, చూసి, తొండం ఎత్తి మెచ్చుకున్నాడు. సింహందొర జూలు రెండింతలైంది.

"ఇంత చీకట్లో ఎలా పూయించావయ్యా?" అని ఏనుగుదొర అడిగాడు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. పొగడ్త తలకెక్కింది కదా, జంబులయ్య నోరు ఆగలేదు.

"వెలుతురూ నీళ్లూ పైపై మాటలు, దొరా. మొక్కకు కావలసింది ఆప్యాయత. అందరూ ఇళ్లకు పోయాక దీని పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ణి. నేను పక్కన ఉంటే చాలు, పూసేస్తుంది."

ఏనుగుదొర కళ్లు చెమ్మగిల్లాయి. ఇక నెలనెలా వచ్చి ఆ పువ్వు చూసి పోతానన్నాడు. సింహందొర జంబులయ్య వీపు నిమిరాడు.

"అయితే ఇవాళ్టి నుంచి నీ చోటు మొక్క పక్కనే. కదలకు. గుమ్మం దగ్గర గవరయ్య కూర్చుంటాడు. పువ్వు లేకుండా ఏనుగుదొర ముందు నా తల వంచావో, నీ తల ఉండదు."

మర్నాటి నుంచి జంబులయ్య చీకట్లో, చెమ్మలో, వణుకుతూ తుమ్ముతూ మొక్కకు కాపలా. అతికించిన పువ్వు వాడిపోతుంది కనుక, తెల్లవారకముందే కొత్త పువ్వు కోసం అడవిలో వెతుకులాట. ఎండలో కూర్చున్న గవరయ్యకు అతన్ని చూసి జాలేసింది. లోపలికొచ్చి మెల్లగా అడిగాడు.

"అయ్యా, ఇప్పుడైనా మొక్కను నా చోట్లో పెట్టమంటారా? నేనెక్కడైనా సర్దుకుంటాను."

జంబులయ్య ముక్కు తుడుచుకున్నాడు.

"వద్దురా నాయనా. వెలుతుర్లో పెడితే నిజంగానే పూస్తుంది. అప్పుడు నా ఆప్యాయత సంగతేం చెప్పను?"

నీతి: దొరికిపోయిన అబద్ధం ఒక్కనాడే తన్నులు తినిపిస్తుంది, నెగ్గిన అబద్ధం రోజూ చాకిరీ చేయిస్తుంది.