ఉదీర్ణుడు ముట్టని విస్తరి

పూర్వం కృతయుగం ముగిసి, త్రేతాయుగం ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో, తూర్పు సముద్రతీరాన సౌవేల దేశాన్ని ఉదీర్ణుడనే మహారాజు పరిపాలిస్తుండేవాడు. ఆయన శూరుడు, సత్యసంధుడు, ధనుర్విద్యలో సాటిలేనివాడు, వేదవేత్తలను కొలువులో నిలుపుకొని పన్నెండు క్రతువులు చేసినవాడు. ఇంతటి మహానుభావుడూ తన అన్నం తానే వండుకునేవాడు. దోసెడు బియ్యం పట్టే రాగిగిన్నె ఒకటి, దాన్ని దాచే పెట్టె, ఆ పెట్టెకు తాళం, తాళంచెవి మొలతాడుకు. పట్టమహిషి వడ్డించబోయినా చెయ్యి అడ్డం పెట్టేవాడు. వినేవారు నవ్వకండి, దానికి కారణం ఉంది.

ఆయన ఎనిమిదేళ్ళ బాలుడుగా ఉన్నప్పుడు, తండ్రి సుప్రభ మహారాజు కొడుకును వెంటబెట్టుకొని ఒక సామంతుడి ఇంటికి విందుకు వెళ్ళాడు. బాలుడు వడ్డనకు ముందే నిద్రపోయాడు. రాజు కొబ్బరిపాలతో వండిన పాయసం మారు వడ్డించుకొని తిని, ఆతిథ్యాన్ని మెచ్చుకొని, నిద్రపోతున్న కొడుకును భుజాన వేసుకొని నవ్వుతూ ఇల్లు చేరి, మూడోనాడు కన్నుమూశాడు. ముందుగా రుచి చూసిన సేవకుడు నాలుగోనాడు పోయాడు. వండించిన సామంతుడు మాత్రం ఆ పాయసం ముట్టలేదని తరువాత తెలిసింది. ఆ పసివాడి మనస్సులో అప్పుడు దిగిన ముల్లు సింహాసనం ఎక్కినా రాలేదు.

అందుచేత పట్టాభిషిక్తుడైన మరునాడే ఉదీర్ణుడు ఒక శాసనం చేశాడు. వండినవారూ వడ్డించేవారూ ముందు తిని చూపనిదే సౌవేల దేశంలో ఏ అతిథీ విస్తరి ముట్టరాదు. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ ఇంటివాడు ముందు కూర్చుని తృప్తిగా భోంచేస్తుంటే, దూరం నుంచి నడిచి వచ్చినవాడు ఎదుట నిలబడి చూడటం ఏం మర్యాద? కొన్నేళ్ళకు అతిథులు రావడం మానేశారు, భోజనవేళకు తలుపులు మూసుకోవడం అలవాటైంది, ఆ తలుపుల వెనుక పెరిగిన పిల్లలకు అతిథి అంటే అనుమానించదగినవాడని తప్ప వేరే తెలియకుండా పోయింది. ఇరవయ్యో ఏట దేశంలోని బావులన్నీ ఉప్పుబారాయి.

ప్రజల గొంతులు తడపడానికి కొండమీది చలమ ఒక్కటే మిగిలింది. అది వచ్చే వేసవి దాటదని పెద్దలు తేల్చారు. రాజు దిగులుతో కుంగి ఉండగా, తపోధనుడు, త్రికాలవేత్త అయిన శంఖపాద మహర్షి సభకు వచ్చి, అర్ఘ్యపాద్యాలు అందుకొని, నిండుకొలువులో ఇలా పలికాడు.

“రాజా, జలాధిపతి అయిన వరుణదేవుడు నీ దేశం నుంచి ముఖం తిప్పుకున్నాడు. ఓడ ఎక్కి తూర్పుగా వెళ్ళు. ఆయన సముద్రం మీద నీకు ఆతిథ్యమిస్తాడు. దాన్ని కాదనకుండా స్వీకరించావా, అక్కడే ప్రత్యక్షమై నీ ప్రజలను కాపాడతాడు. నీకు బదులు ఇంకొకరు వెళితే ప్రయోజనం లేదు.”

ఉదీర్ణుడు నమస్కరించి సరేనన్నాడు. అయితే మహర్షి వెళ్ళిన తరువాత ఆయనకు కలిగిన మొదటి ఆలోచన ఏమిటంటే, ఈ మాటలు సభలో ఉన్న వేగులవాళ్ళందరూ విన్నారు గదా, తనను చంపదలచినవాడికి ఇంతకంటె మంచి అవకాశం దొరుకుతుందా అని.

నలభైమంది నావికులతో, తరండుడనే సరంగు నడిపే ఓడలో రాజు బయలుదేరాడు. తన గిన్నె, తన బియ్యం, తన నీళ్ళకుండ, వాటన్నింటి మీదా తన తాళాలు. సముద్రం ఆయనను ఎంత ఆదరించిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. వెండిరేకుల వంటి చేపలు అలల్లోంచి గుంపుగా లేచి, రెక్కలు సాచి, ఓడకు ఈ పక్కనుంచి ఆ పక్కకు ఎగిరిపోయేవి. కొండంత తిమింగలాలు ముక్కుల్లోంచి నీటిధారలు చిమ్ముతూ, దూడ వెంట ఆవు నడిచినట్టు తమ పిల్లల వెంట మెల్లగా సాగేవి. ఒక ఉదయం వేలకొద్దీ తాబేళ్ళు పచ్చని నీళ్ళలో బారులు తీరి ఎదురువచ్చి, ఓడకు దారి విడిచి పక్కకు తప్పుకున్నాయి. మరొకనాడు ఆకాశం నుంచి సముద్రం దాకా వాన ఒక స్తంభంలా నిలబడి, దాని చుట్టూ రెండు ఇంద్రధనుస్సులు విరిస్తే, నావికులు పనులు మాని చేతులు జోడించారు.

ఉదీర్ణుడు జోడించలేదు. తాబేళ్ళు దారి ఎందుకిచ్చాయి, ముందున్న ఏ ఆపదను చూసి అవి వెనక్కి తిరిగాయి అని సరంగును అడిగాడు. డాల్ఫిన్లు ఓడ ముందు ఈదుతూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తుంటే, ఇవి మనను రాళ్ళ మీదికి ఈడ్చుకుపోతున్నాయని చెప్పి చుక్కాని తిప్పించాడు. అవి ఓపికగా చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ ముందు నిలిచాయి. వాననీళ్ళను నావికులు గుడ్డలు పరిచి పట్టుకుంటే, ముందు వాళ్ళచేత తాగించి, ఒక పూటంతా వాళ్ళ ముఖాలు పరీక్షగా చూశాడు. వరుణుడి ఆతిథ్యమంటే ఆయన మనస్సులో బంగారు పళ్ళెరాలు, రత్నమండపం, మకరవాహనారూఢుడైన దేవుడు. అవి కనపడలేదు గనుక, ఇంకా ఆతిథ్యం మొదలుకాలేదని నమ్మాడు.

నలభైయొకటో రోజున ఒక ద్వీపం కనిపించింది. ఓడ రేవులోకి చేరగానే గాలి ఆగిపోయింది, తెరచాపలు వేలబడ్డాయి, కదలడానికి దారి లేకపోయింది. ఆ ద్వీపంలో చేపలు పట్టుకొని బతికే నిషాదులు ఉండేవారు. వాళ్ళకు పెద్ద శుక్తిమతి అనే వృద్ధురాలు. ఎనభై ఏళ్ళ వయస్సు, ఎండకు వన్నె మారిన ఒళ్ళు, నోట్లో నాలుగు పళ్ళు. ద్వీపమంతా ఆమెను అవ్వ అనేవారు. ఆమె మోకాలిలోతు నీళ్ళలోకి ఎదురువచ్చి, రాజు పాదాల మీద మంచినీళ్ళు పోసి, తాటాకు పందిరి కింద పీట వేసి, అరటాకు పరచి, ఏమేం వండిందో ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. అడవిధాన్యపు అన్నం, కాల్చిన కందలు, పనసతొనలు, తేనె. చివర కుండ మూత తీసింది. కొబ్బరిపాల పాయసం.

ఆ వాసన తగలగానే రాజు ముఖం పాలిపోయింది. ఇంతమంది తనకోసం ఎదురుచూస్తుండటం, గాలి ఇక్కడే ఆగడం, వండటానికి లోకంలో మరేదీ లేనట్టు అదే పాయసం. ఆయన లేచి ఓడకు వెళ్ళిపోయాడు. తన అనుమతి లేకుండా ఎవరైనా ఈ ద్వీపంలో మెతుకు ముడితే శిరస్సు తీయిస్తానని నావికులను హెచ్చరించాడు. పాపం ఆ నలభైమందీ ఒడ్డు నుంచి వచ్చే కమ్మని వాసన పీలుస్తూ ఎండుఅటుకులు నమిలారు.

రెండోనాడూ అవ్వ వండింది, వడ్డించింది, పిలిచింది. రాజు వచ్చి కూర్చుని, విస్తరి వంక కాక వండినవాళ్ళ వంక చూశాడు. వాళ్ళలో ఒక్కరూ తినలేదు. ఆయన లేచిపోగానే అన్నమంతా గంపలకెత్తి సముద్రంలో కలిపేశారు. ఆనవాళ్ళు చెరిపేస్తున్నారని ఆయనకు తోచింది. మూడోనాడు ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

“వృద్ధురాలా, మా దేశంలో ఒక నియమం ఉంది. వండినవారు ముందు తిని చూపాలి. ఈ పాయసం నువ్వొక కబళం తిను, వెంటనే నేనూ తింటాను.”

“అదెట్టా కుదురుద్ది బాబూ” అంది అవ్వ, ఆ మాటే ఎన్నడూ విననట్టు ఆశ్చర్యపోయి. “నువ్వు తినకముందు నేను ముద్ద ముట్టుకుంటే ఈ చేత్తో మళ్ళీ ఎవరికి పెట్టను? ఇంకేదన్నా అడుగు, చేస్తాను. అది మాత్రం నా వల్ల కాదు.”

వడ్డించిన చెయ్యి తినడానికి ఒప్పుకోలేదంటే ఇక రుజువేం కావాలి? ఇరవై ఏళ్ళుగా తన శాసనం తప్ప మరో ఆచారం ఎరగని దేశానికి రాజు గనుక ఆయనకు అలాగే అర్థమైంది. కొలువులో పండితులు లేకనా, చెప్పేవాళ్ళు లేకనా? ఉన్నారు, వాళ్ళూ ముందు తినే కూర్చునేవారు.

నాలుగోనాడు సౌవేల దేశాధీశ్వరుడు, పన్నెండు క్రతువుల యజమాని, మొగలిపొద చాటున గొంతుక్కూర్చుని నిషాదుల ఇళ్ళను కనిపెట్టి చూశాడు. ముళ్ళు గుచ్చుకున్నా కదలలేదు. పందిరి వెనుక మరొక చిన్న కుండ పొయ్యి మీద ఉంది. అందులోంచి పిల్లలకు, కడుపుతో ఉన్న స్త్రీలకు పెడుతున్నారు. పెద్దకుండ జోలికి ఎవరూ పోవడం లేదు. తమ పిల్లలకు వేరే కుండ. తండ్రి నవ్వుముఖం కళ్ళముందు కదిలింది.

ఐదోనాడు ఆయన ఒడ్డుకే దిగలేదు. ఆరోనాడు మధ్యాహ్నం, ఇక తాడో పేడో తేల్చుకుందామని కత్తి దూసి, సరంగు తరండుణ్ణి వెంటబెట్టుకొని నేరుగా అవ్వ వంటపాక లోపలికి వెళ్ళాడు. దారిపొడుగునా నిషాదులు నీడల్లో చేరగిలబడి ఉన్నారు. కత్తి చూసి కూడా లేవలేకపోయారు. లోపల పొయ్యిపక్కన అవ్వ నేలమీద పడి ఉంది. చేతిలో తెడ్డు అలాగే ఉంది. ఆమె మనవరాలు లవలి, నిండుచూలాలు, ఒక చేత్తో అవ్వ తల ఒళ్ళో పెట్టుకొని, రెండో చేత్తో పాయసం అడుగంటకుండా కలుపుతోంది.

ఇదేమి నాటకమని రాజు గద్దించాడు. లవలి కత్తి వైపు చూడనైనా చూడలేదు.

“నీ తెరచాప కనిపించిన నాటినుంచి అవ్వ మెతుకు ముట్టలేదయ్యా. ఊళ్ళో పెద్దోళ్ళెవరూ ముట్టలేదు, నీళ్ళే తాగి ఉన్నారు. చుట్టం పస్తుంటే ఎట్టా తింటారు? పసోళ్ళకీ నాబోటి వాళ్ళకీ ముందు పెట్టొచ్చంట, అందుకని మాకు వేరే కుండ. మేము చేసిన తప్పేందో నువ్వన్నా చెప్పు. అవ్వ రోజూ అదే అడుగుతోంది, వంట బాలేదేమోనని.”

రాజు కత్తి కిందపెట్టి వంగి అవ్వ మణికట్టు పట్టుకున్నాడు. నాడి వేలికి అందీ అందనట్టుంది. వెంటనే అన్నం తినమని ఆమెను ఆజ్ఞాపించాడు. ఆమె కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. నేను ఓడ ఎక్కి వెళ్ళిపోతే తింటుందా అని లవలిని అడిగాడు. గడప దాకా వచ్చినవాడు ఆకలితో వెళ్ళిపోయిన ఇంట్లో ఇక ఎవరికి ముద్ద దిగుతుందని లవలి కన్నీళ్ళు పెట్టుకుంది.

ఇప్పుడు ఆయన అనుమానమంతా పటాపంచలైపోయిందని చెబితే కథ సులువుగా ముగుస్తుంది గానీ, అది అబద్ధం. ప్రాణాలకు తెగించినవాడు ఎదుటివాడి ప్రాణం తీయడానికి వెనుకాడతాడా అని ఆ క్షణంలోనూ ఆయన మనస్సు అడిగింది. ఈ పాయసంలో విషముంటే తాను మూడోనాటికి పోతాడు. తాను పోతే వరుణదేవుణ్ణి కలుసుకునేవాడు లేడు, కొండమీది చలమ ఎండుతుంది, ప్రజలు ఉప్పునీళ్ళు తాగి చస్తారు. తినకపోతే ఈ ముసలమ్మ సాయంత్రం దాకా ఉండదు. రెండింటిలో ఒకటి మాత్రం కంటికి కనిపిస్తోంది. ఆయన పీట వాల్చుకొని కూర్చుని, వడ్డించమ్మా అన్నాడు.

తరండుడు వద్దు మహారాజా అని చెయ్యి పట్టుకోబోయాడు. రాజు విడిపించుకున్నాడు. ఆకులో పాయసం పొగలు కక్కుతోంది. ఎనిమిదో ఏట పుట్టిన భయం అంతా ఒక్కసారి మీదపడింది. చెయ్యి వణికి మొదటి కబళం సగం నేలపాలైంది. మిగిలిన సగం నోట్లో పెట్టుకొని, కళ్ళు మూసుకొని మింగాడు.

“అవ్వా, తింటున్నాడే” అంది లవలి ఆమె చెవి దగ్గర.

అవ్వ కళ్ళు తెరిచింది. ఆయన వైపు చాలాసేపు చూసి, అతికష్టంమీద పెదవులు కదిపింది.

“బెల్లం సరిపోయిందా నాయనా?”

ఉదీర్ణ మహారాజుకు దుఃఖం ఆగలేదు. తండ్రి పోయిన తరువాత తనను ఆ మాట అడిగినవారు లేరు. అడిగేవాళ్ళను ఆయనే దగ్గరికి రానివ్వలేదు.

“సరిపోయింది తల్లీ. ఇంకొంచెం పెట్టించు” అన్నాడు.

విస్తరిలో ఉన్నది పూర్తిగా తిని, మారు వడ్డించుకొని తిని, చెయ్యి కడుక్కొని, ఆయనే తెడ్డు అందుకొని అవ్వ నోటికి పాయసం పట్టాడు. రెండు గుక్కలకు ఆమె ముఖానికి జీవకళ వచ్చింది. బయట తరండుడు కేకవేయగానే నలభైమంది నావికులూ ఓడ దిగి వచ్చి బారులుగా కూర్చున్నారు. వాళ్ళ తరువాత నిషాదులు తిన్నారు.

అప్పుడు రేవులో నీళ్ళు రెండుగా విడి, మకరవాహనుడు, పాశహస్తుడు, ముత్యాల కాంతితో వెలిగే దేహంగల వరుణదేవుడు వెలికి వచ్చి గంభీరస్వరంతో పలికాడు.

“ఉదీర్ణా, చేపలతో, వానతో, డాల్ఫిన్లతో నిన్ను పిలుస్తూనే వచ్చాను. చివరికి ఈ అవ్వ చేతిమీదుగా అన్నం పెట్టాను. నువ్వు మింగిన మొదటి కబళానికే నీ దేశపు బావుల నీళ్ళు తియ్యనయ్యాయి. అది ఈమె ఉపవాసఫలం, నా వరం కాదు. నీకు వరం వేరే ఇస్తాను, కోరుకో.”

రాజు సాష్టాంగపడి, “ప్రభూ, నా మనస్సులోని అనుమానాన్ని తీసివెయ్యండి. ఇప్పటికీ మూడోనాటి గురించి భయపడుతూనే ఉన్నాను” అని విన్నవించుకున్నాడు.

“అది నీ తండ్రి చావు చేసిన గాయం. నేను కడిగితే పోయేది కాదు” అన్నాడు వరుణదేవుడు. “భయం లేనివారు లోకంలో రోజూ భోంచేస్తూనే ఉన్నారు. వాళ్ళను చూడటానికి నేను నీళ్ళలోంచి లేచి రాను. భయపడుతూ తిన్నావు గనుకనే వచ్చాను. మరొకటి అడుగు.”

ఉదీర్ణుడు తన వాకిట అతిథి పస్తుండగా తనకు ముద్ద దిగకుండా చేయమని కోరాడు. జలాధిపతి తథాస్తు అని అంతర్ధానమయ్యాడు. వెనువెంటనే పడమటి దిక్కుకు గాలి లేచింది.

సౌవేల దేశంలో బావులు నిండాయి, పాత శాసనం రద్దయింది, భోజనవేళకు తలుపులు తెరుచుకున్నాయి. రాజు రాగిగిన్నె సంగతి ఏమైందో నాకు తెలియదు. తెలిసిందల్లా ఇది. ఆ తరువాత ముప్పైయేళ్ళు ఆయన అతిథులకు పెట్టి తిన్నాడు, పరాయి ఇళ్ళకు వెళ్ళీ తిన్నాడు. ఎవరు వడ్డించినా మొదటి కబళానికి ఆయన చెయ్యి వణికేది. వణుకుతూనే తినేవాడు. ఈ కథ శ్రద్ధగా చదివినవారి ఇంట నీటికి కరువుండదని పెద్దలంటారు. చదవడం అయింది గనుక, వాకిట్లో ఎవరైనా నిలబడి ఉన్నారేమో ఒకసారి చూసి వచ్చి భోజనానికి కూర్చోండి.