నక్క మూసలో అమ్మ మాట

ఎర్రగుట్టకు ఇవతలి కుంటలో ఎండాకాలం వస్తే నీళ్ల కంటే బురదే ఎక్కువ. ఎగరగలిగిన పిట్టలన్నీ గుట్ట దాటి పెద్దవాగుకు పోతాయి. ఎగరలేనివి బురదను నమ్ముకుని ఉండిపోతాయి. ఆ ఏడు ఇద్దరే మిగిలారు. ఎక్కడికీ పోయే అలవాటు లేని తాబేలవ్వ ఒకటి, ముళ్లకంపలో చిక్కి రెక్క విరిగిన బాతు ఒకటి.

బాతుకు ముగ్గురు పిల్లలు. పెద్దది తెల్లరెక్క, నడిమిది పొడుగుమెడ, చిన్నది మునక. ఎప్పుడు చూసినా తల నీళ్లలో, తోక గాలిలో పెట్టుకుని ఉంటుందని దానికి ఆ పేరు. రెక్కలు గట్టిపడగానే బాతే వాటిని తరిమింది. "ఇక్కడుంటే మాడిపోతారు, పొండి" అంది. అవి గుట్ట దాటాయో లేదో, దీనికి బెంగ మొదలైంది.

"తిన్నారో లేదో అవ్వా."

"తింటార్లే."

"వాగు లోతెంతో."

"ఈదేవాళ్లకి లోతుతో పనేమిటే?"

"గద్దలుంటాయేమో."

"గద్దలు లేని ఆకాశం నేనింతవరకూ చూళ్లేదు. నన్ను కాసేపు పడుకోనీ, తల్లీ."

గుట్ట మీది కనుమలో ఒక నక్క కబుర్ల కొట్టు పెట్టుకుని బతుకుతోంది. ఇవతలి మాట అవతలికి, అవతలి మాట ఇవతలికి పంపడం దాని పని. మోసేది చిలుక. చెప్పింది చెప్పినట్టు ఒప్పజెప్పడం తప్ప దానికి ఇంకో విద్య రాదు. నక్క పొద్దున్నే చిలుకను వెంటబెట్టుకుని కుంటకు నీళ్లకు దిగేది.

"అన్నా, నా పిల్లలకో మాట పంపాలి" అంది బాతు.

"పంపుదాం చెల్లీ. మన దగ్గర మూస ఉంది. మొదట పలకరింపు, చివర దీవెన, ఆ రెండూ నావి. నడుమ ఖాళీ. అందులో నీ మాట పెట్టుకో. మొత్తం కలిపి చిలుకకు నేర్పుతా. కబురంటే తలా తోకా ఉండాలి కదా!"

బాతు ఆ ఖాళీ నిండా తన బెంగంతా కూరింది. "మునకా, ఎంతసేపూ నీళ్లలో తల పెట్టకే మొద్దూ! వెనకనుంచి ఏదొచ్చినా తెలీదు. పాములుంటాయి, పిల్లులుంటాయి, వలలుంటాయి. పెద్దదానా, చెల్లెళ్లను వదిలి తిరిగావంటే కాళ్లు విరగ్గొడతా!"

చిలుక వెళ్లొచ్చింది. "చిన్నది భయపడి నీళ్లలోకి దిగటం లేదు, తిండి మానేసింది. పెద్దవాళ్లిద్దరూ ఏమన్నారంటే, ఇంత దూరమొచ్చినా అమ్మ తిట్లు తప్పలేదా అన్నారు."

బాతు ఆ రోజంతా నోట్లో నత్తగుల్ల పెట్టుకోలేదు. మర్నాడు నక్కను చూడగానే ఏడ్చింది.

"నా నోరు మంచిది కాదన్నా. ఎదురుగా ఉంటే తిట్టి, ఆ వెంటనే రెక్క కింద పొదువుకునేదాన్ని. ఇప్పుడు తిట్టు ఒక్కటే వెళ్తోంది, రెక్క ఇక్కడే ఉండిపోతోంది."

"దానికేముంది, నా దగ్గర జల్లెడలున్నాయి" అంది నక్క. "ఒకటి తిట్ల జల్లెడ. అది పట్టానంటే కసురూ విసురూ అన్నీ పైనే నిలిచిపోతాయి. రెండోది భయం జల్లెడ. పిల్లి, పాము, వల, చావు, ఇలాంటి మాట ఏ వాక్యంలో ఉన్నా ఆ వాక్యం దిగదు. కిందికి దిగేదంతా తేనె."

"రెండూ పట్టు."

తాబేలు డొప్పలోంచి మెడ చాచింది. "ఏమయ్యా, ఈ జల్లెడ నీ పలకరింపుకీ దీవెనకీ కూడానా?"

"అవ్వా, మూస నాది. జల్లెడ ఆవిడ మాటకి. నా వాక్యాన్ని నేను జల్లించుకుంటానా?"

"అంటే నువ్వేమన్నా చెల్లుతుంది. ఈ బాతు ఏమన్నా జల్లెడలోంచే వెళ్తుంది."

"నీకు పిల్లలున్నారా అవ్వా?"

"గుడ్లు ఇసకలో పెట్టి వచ్చేశాను."

"మరి తల్లి మనసు నీకేం తెలుసు, పడుకో" అంది నక్క. బాతు కూడా అవ్వ వైపు చురుగ్గా చూసింది. తాబేలు మెడ లోపలికి లాక్కుంది.

ఆ తర్వాత వచ్చే కబుర్లన్నీ పాలూ పంచదారే. "అమ్మా, నువ్వెంత మంచిదానివి! నీ మాట వింటే నిద్ర పడుతోంది" అని పిల్లలు చెప్పి పంపేవి. బాతు అదే తలచుకుని బురదలో కూడా హంసలా నడిచేది. జల్లెడ మీద నిలిచిపోయినవి ఏమయ్యాయో అది ఒక్కనాడూ అడగలేదు. తిట్టిన తిట్టు వెళ్లలేదని సంతోషమే తప్ప, ఏది వెళ్లిందో చిలుకను ఒకసారి ఒప్పజెప్పమనాలని తోచలేదు.

ఎండలు ముదిరాయి. ఒకనాడు దాహానికి దిగిన కాకి మాటల్లో మాటగా అంది: "పెద్దవాగు కూడా సన్నబడింది. నీళ్లన్నీ కింద తుంగమడుగులో చేరాయి. కానీ ఆ తుంగలో ఒక అడవిపిల్లి కాపురం పెట్టింది. మొన్న నీటికోడి పోయింది, నిన్న కొక్కిరాయి పోయింది."

నక్క రాగానే బాతు ఎదురు పరుగెత్తింది.

"అన్నా, ఇప్పుడే పంపు! తుంగమడుగులో పిల్లి ఉంది, అటు పోవద్దు! పోయారంటే మీ అమ్మను నేను కాదు! మునకను గట్టు దిగనివ్వకండే, దరిద్రుల్లారా! నా బంగారు తల్లులు, నా మాట వినండి!"

కంగారులో జల్లెడల సంగతి బాతు మరిచిపోయింది. నక్క మరిచిపోలేదు.

"అంతేనా చెల్లీ? ఇంకేమైనా ఉందా?"

"అంతే అన్నా. తొందరగా!"

"నువ్వు చెప్పినట్టే చేస్తా" అంది నక్క. ఆ మాటలో అబద్ధం లేదు.

మర్నాడు చిలుక వచ్చింది. "పిల్లలు నీ మాట తు.చ. తప్పకుండా వింటామన్నారు. బయల్దేరుతున్నామన్నారు."

"ఎక్కడికే?"

"తుంగమడుగుకి."

తాబేలు అడిగింది: "ఏం చెప్పావో మొత్తం ఒప్పజెప్పు."

చిలుక గొంతు సవరించుకుంది. "చిరంజీవులకు అమ్మ ఆశీస్సులు. నా బంగారు తల్లులు, నా మాట వినండి. ఎండలు ముదిరాయి, తుంగమడుగు చల్లన, అక్కడ చేరి సుఖంగా ఉండండి. ఇట్లు మీ అమ్మ."

"ఆ చల్లన అన్న మాట ఎవరిదే?" అంది తాబేలు.

"నక్కయ్య దీవెన. ఈ మధ్య అందరి కబుర్లకూ అదే."

బాతు ఇంక ఆగలేదు. విరిగిన రెక్కను ఈడ్చుకుంటూ గుట్ట ఎక్కింది. ఈదడానికి పుట్టిన కాళ్లు రాళ్ల మీద చీలాయి. కనుమలో నక్క నీడన పడుకుని ఉంది. దాని మీసాలకు నీటికోడి ఈక ఒకటి అంటుకుని ఉంది.

"నా మాట మార్చావు కదరా!"

"ఒక్క అక్షరం మార్చలేదు" అంది నక్క లేవకుండానే. "పిల్లి అన్నావు, భయం జల్లెడ ఆపింది. దరిద్రుల్లారా అన్నావు, తిట్ల జల్లెడ ఆపింది. బంగారు తల్లులు అన్నావు, దిగింది. జల్లెడలు నువ్వడిగినవే."

"ఇది వేరు! ఇది ప్రాణం మీదికొచ్చిన మాట!"

"జల్లెడకేం తెలుసు చెల్లీ? దానికి తెలిసింది చిల్లు ఒక్కటే."

"నీకు తెలుసు కదరా!"

"నన్ను అడిగావా? మూస అడిగావు, ఇచ్చాను. జల్లెడ అడిగావు, పట్టాను. ఆలోచించమని ఏనాడైనా అడిగావా?"

దానితో వాదిస్తే పొద్దు వాలుతుంది. బాతు అవతలి వైపు దిగింది. కొంత నడిచింది, కొంత దొర్లింది. మడుగు ఇవతలి గట్టుకు చేరేసరికి ఒళ్లంతా బురద, ముళ్లు, నెత్తురు. అవతలి గట్టున ముగ్గురు పిల్లలు. ఎంత ఎదిగాయో! చిన్నది అప్పుడే నీళ్లలోకి దిగుతోంది. దాని వెనక తుంగ కదిలింది. గాలి మాత్రం లేదు.

"దిగొద్దే మునకా! పిల్లి! వెనక పిల్లి! తల ఎత్తవే మొద్దూ!"

పొడుగుమెడ ఉలిక్కిపడింది. "అక్కా, ఎవరే ఆ ముసలిది? అలా అరుస్తోంది?"

"ఎవరో పిచ్చిది. చూడు, ఆ బురదా అదీ."

"నేనే! మీ అమ్మనే!"

తెల్లరెక్క నవ్వింది. "మా అమ్మా? మా అమ్మ నోట ఇప్పుడు ఇలాంటి మాటలు రావు. మా అమ్మ తిట్లు ఎప్పుడో మానేసింది. ఇక్కడికి వచ్చి సుఖంగా ఉండమన్నది మా అమ్మే. నీకీ చోటు కావాలేమో, అందుకే మమ్మల్ని తరుముతున్నావు. మునకా, నువ్వు దిగవే, ఏం కాదు."

మునక ఒక్క క్షణం ఆగింది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది దానికి. కానీ ఇన్నాళ్లూ అమ్మ గొంతంటే చిలుక గొంతే. తల నీళ్లలో పెట్టింది, తోక గాలిలోకి లేచింది.

తుంగలోంచి పిల్లి దూకింది. నీళ్లు ఒక్కసారి చెదిరి, మళ్లీ సర్దుకున్నాయి.

మిగిలిన ఇద్దరూ కెవ్వుమని లేచి ఎటో ఎగిరిపోయాయి. బాతు పిలుస్తూనే ఉంది. దాని గొంతు వినిపించేకొద్దీ అవి ఇంకా పైకి, ఇంకా దూరానికి పోయాయి.

తర్వాతెప్పుడో చిలుక ఆ గట్టు మీద బాతును వెతికి పట్టుకుంది. "నీకోసం కుంటకు వెళ్లాను, లేవు. నీ పిల్లలు కబురు పంపారు. వాళ్లు జల్లెడలేమీ పెట్టలేదు, ఉన్నది ఉన్నట్టే చెప్పమన్నారు."

"చెప్పు" అంది బాతు.

"అమ్మా, చెల్లి పోయింది. ఒక బురద బాతు వచ్చి పెడబొబ్బలు పెట్టింది. ఆ అరుపులకే పిల్లి వచ్చింది. మాకు భయంగా ఉంది. మళ్లీ ఆ గొంతు వినపడనంత దూరం పోతున్నాం. నువ్వే ఉండి ఉంటే మెల్లగా చెప్పేదానివి, చెల్లి బతికేది. మాకు ఎప్పట్లాగే మంచి మాట ఒకటి పంపు."

చిలుక మెడ వంచి అడిగింది: "ఏం పంపను? మూసలో ఖాళీ ఉంది."

బాతు నోరు తెరిచింది. ఏం మాట్లాడినా ఆ బురద బాతు గొంతే వస్తుందని దానికి తెలుసు. నోరు మూసుకుంది. చిలుక మొదటి పలకరింపూ చివరి దీవెనా మాత్రం మోసుకుని ఎగిరిపోయింది.

బిడ్డకు చేదు తగలకూడదని మాటను వడకట్టే తల్లి, ఆపద వేళకు తన గొంతునే పోగొట్టుకుంటుంది.