మూట కట్టిన గుడ్డ

సుంకులవ్వను ఏదైనా అడిగితే, చేతిలోని సూదిలో దారం అయిపోయేదాకా జవాబు ఉండేది కాదు. అడిగినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఆ దారం కురచ కావడం చూస్తూ ఉండాలి. కొందరు ఈలోగా తామేం అడిగారో మరిచిపోయేవాళ్ళు. అంతమాత్రపు ప్రశ్నకు జవాబెందుకని అవ్వ నవ్వేది. పాతగుడ్డలతో బొంతలు కుట్టడంలో ఆదోని చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. నాలుగేళ్ళుగా ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న హంపమ్మకు ఈ సంగతి తెలుసు గనక, ఆ రోజు దారం బెత్తెడు మిగిలేదాకా కాచుకుని అడిగింది.

"అవ్వా, ఏ గుడ్డ ఏరుకోవాల, ఏది వదిలెయ్యాల? అది ఎట్ల తెలుస్తాది?"

అవ్వ ఆ బెత్తెడూ కుట్టింది, ముడి వేసింది, పంటితో తెంచింది. తరవాత తాపీగా ఇంకో దారం ఎక్కించుకుంది.

హంపమ్మకు ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. రంగు దిగే గుడ్డను తడివేలితో రుద్ది పట్టేయడం, నూలు చివికిన గుడ్డను చెవి దగ్గర పెట్టి లాగి ఆ చప్పుడుతోనే గుర్తించడం ఆమె ఎప్పుడో నేర్చింది. ఇప్పుడు కావలసింది వేరు. చెల్లెలు తిప్పమ్మకు నెలలు నిండుతున్నాయి. ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. ఈసారి పుట్టే బిడ్డకు తన చేతి బొంతే కప్పాలని, అందులో ప్రతి ముక్కా కలిసొచ్చిన ఇంటిదే కావాలని హంపమ్మ పట్టుదల. పదిళ్ళ పాతగుడ్డ కప్పుకున్న బిడ్డకు ఆయుష్షు గట్టిదని ఆ ఊరి నమ్మకం. కాన్పుకు ముందు గుడ్డలు ఏరుకోవచ్చు, సూది మాత్రం పెట్టకూడదు. బిడ్డ పుట్టాక, తల్లి కట్టి విడిచిన చీరను పై పొరగా పరిచి, అప్పుడు మొదటి కుట్టు వెయ్యాలి.

గుడ్డలు అడగడానికీ అవ్వకు ఒక పద్ధతి ఉండేది. వెళ్ళి అరుగు మీద కూర్చునేది. ఫలానాది కావాలని అనేది కాదు. ఇంటివాళ్ళు ఏది తెచ్చి ఒళ్ళో వేస్తే అది తీసుకుని లేచేది. హంపమ్మకు ఇది ఒట్టి చాదస్తంగా తోచింది. ఇచ్చినదల్లా పుచ్చుకుంటే ఇక ఏరడమేముంది? అందుకని ఆమె ముందే ఇళ్ళను వడబోసుకుంది. ఐదుగురు కొడుకులున్న ఇల్లు, తొంభై ఏళ్ళ ముసలాయన ఇంకా చేను చూసి వస్తున్న ఇల్లు, అలాంటివి. గడపలోనే నిలబడి, పెళ్ళికి కట్టుకున్న ఆ ఎర్రచీరలో ఒక చెరగు ఇయ్యి వదినా అని అడిగేది. నోరు తెరిచి అడిగింది కదా అని వాళ్ళూ పెట్టెలు తెరిచారు. దాచుకున్న పెట్టెలోంచి వచ్చేవి దాచుకున్న గుడ్డలే. రెండు వారాలు తిరిగేసరికి ఆమె దగ్గర జరీ అంచులు, పట్టు తునకలు, గంజి వీడని పంచెలు పోగుపడ్డాయి. తడివేలు ఆనించి చూడాలని కూడా తోచక, వాటిని చూసుకుని మురిసిపోయింది.

వీధి చివర బసక్క ఇల్లు. పోగైనవన్నీ అవ్వకు చూపిద్దామని తీసుకెళ్తూ హంపమ్మ ఆ ఇంటి ముందుకు రాగానే నడక పెంచింది గానీ, బసక్క గడపలోనే ఉంది. పాతికేళ్ళ కిందట ఆమెకు ఒక్కగానొక్క కూతురు ఉయ్యాల దిగకుండానే పోయింది. మళ్ళీ కడుపు పండలేదు. అప్పటినుంచి శ్రీమంతాలకూ పేరు పెట్టే వేడుకలకూ ఆమెను ఎవరూ పిలవలేదు. ఆమే రావడం మానేసిందని చెప్పుకోవడం ఊరికి అలవాటైంది. తిప్పమ్మ బిడ్డకు బొంత అంట కదా, నాదీ ఒక గుడ్డ కలుపుకో అంటూ బసక్క లేత పసుపు చీర ఒకటి చాచింది. హంపమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. రంగు కలవదులే అక్కా, అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. బొంతలో కలవని రంగంటూ లేదు.

బసక్క చీరను వెనక్కి తీసుకుంది. హంపమ్మ చంకలోని గుడ్డలు జారిపోతుండటం చూసి, మూట కట్టుకోనన్నా ఒకటి తీసుకపో అని లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నాలుగు మడతలు పెట్టిన వెలిసిన గుడ్డ ఒకటి తెచ్చి, తానే పరిచి, తానే మూట కట్టి, హంపమ్మ నెత్తికెత్తింది. మూటగుడ్డకేం పట్టింపని హంపమ్మ తల వంచింది.

అవ్వ ఇల్లు చేరేసరికి కబురు ముందే వచ్చి ఉంది: తిప్పమ్మకు మూడు వారాల ముందే నొప్పులు మొదలయ్యాయి. మూట దించకుండానే ఇద్దరూ పరుగెత్తారు. అవ్వ పరుగంటే మనం నడిచే నడకే అనుకోండి. వాళ్ళు వెళ్ళేసరికి ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత పిల్ల, ఏడుపు కూడా దారమంత సన్నం. మెత్తటి పాతగుడ్డ తొందరగా తెమ్మని మంత్రసాని కేక వేసింది. ముందు ఇద్దరినీ ఈ ఇంటి గుడ్డల్లోనే చుట్టాము, ఈసారి ఇంట్లోది వద్దంటూ తిప్పమ్మ అత్త అడ్డం నిలబడింది.

హంపమ్మ గబగబా మూట విప్పింది. జరీ అంచు తీసి ఇస్తే అవ్వ దాన్ని కింది పెదవి మీద రాసుకుని, గరుకని పక్కన పడేసింది. పంచె మడత విప్పితే అప్పడం విరిగినట్టు చప్పుడైంది. పెళ్ళి ఎర్రచీరను తడివేలితో రుద్దితే వేలు ఎర్రబడింది. ఐదుగురు కొడుకుల ఇల్లూ, తొంభై ఏళ్ళ ఇల్లూ నేలపాలయ్యాయి, పిల్లకు చుట్టడానికి ఒక్కటీ పనికిరాలేదు. అవ్వ అప్పుడు వాటన్నిటినీ పక్కకు నెట్టి, అడుగున మిగిలిన మూటగుడ్డను దులిపి, పెదవికి ఆనించి చూసి, మంత్రసానికి అందించింది.

పిల్లను చుట్టాక గానీ హంపమ్మ ఆ గుడ్డను సరిగా చూడలేదు. రెండు కొసలా నూలు మెలిపడి నలిగి ఉంది. దూలానికి ముడి వేసి ఉయ్యాల కట్టిన గుడ్డకు తప్ప అలాంటి నలుగు పడదు. అది ఎవరి ఉయ్యాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. అది తీసెయ్యండి అంటూ ముందుకు వంగింది. అవ్వ ఆమె మణికట్టు పట్టుకుని చెవిలో అంది:

"బిడ్డను పోగొట్టుకున్న తల్లి గుడ్డ వద్దంటివి. రేపు బొంత పైన ఎవురి చీర పరుస్తావే?"

మంచం మీది నుంచి తిప్పమ్మ అక్క వైపే చూస్తోంది. హంపమ్మ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. అంత సిగ్గు ఆమె పుట్టి బుద్ధెరిగి పడలేదు. తిప్పమ్మ ఆ గుడ్డ కొసను చెంపకు ఆనించుకుని, ఎంత మెత్తగా ఉందో, ఎవరిచ్చారని అడిగింది. బసక్క అని హంపమ్మ తల వంచుకునే చెప్పింది. తిప్పమ్మ ఆ కొసను వదల్లేదు. ఈలోగా వెచ్చదనం తగిలి పిల్ల ఏడుపు గట్టిపడింది, మంత్రసాని మొహం తేటపడింది.

నెల తిరిగింది. పిల్ల నిలిచింది. ఆ మర్నాడు హంపమ్మ వెళ్ళి బసక్క అరుగు మీద కూర్చుంది, ఏమీ అడగలేదు. బసక్క కాసేపు చూసి, లోపలికి వెళ్ళి, ఆ పసుపు చీర తెచ్చి ఆమె ఒళ్ళో వేసింది.

తిప్పమ్మ చీర పైన, బసక్క చీర దాని కింద పరిచి మొదటి కుట్టు వేస్తూ, హంపమ్మ తన పాత ప్రశ్నే మళ్ళీ అడిగింది. అవ్వ సూదిలో బెత్తెడు దారం ఉంది. అది కుట్టింది, ముడి వేసింది, తెంచింది. ఈసారి ఇంకో దారం ఎక్కించుకోలేదు.

"మూటలోనివన్నీ నువ్వు ఏరినావు," అంది. "మూటగుడ్డ మాత్రం ఆమె ఏరింది."